నెలనెలా సర్ది చేసే బాబుకి ఇమ్యూనిటీ తక్కువైనట్టేనా?

ఒక అమ్మ రాసిన ఉత్తరం:

మేడమ్ గారూ నమస్తే. మాది కరీంనగర్ దగ్గర. మా బాబుకి మూడేళ్లు నిండినయ్. జూన్‌ల ప్లేస్కూల్‌ల వేసినం, అప్పటిసంది నెలకోసారి సర్ది, దగ్గు, జ్వరం. ఈ ఎనిమిది నెలల్ల నాలుగుసార్లు యాంటీబయాటిక్ సిరప్ పట్టినం, రెండుసార్లు డాక్టర్ రాసిచ్చిండు, రెండుసార్లు మేమే మెడికల్ షాపుల పాత చీటీ చూపెట్టి తెచ్చినం. పోయినసారి సిరప్ తాగినంక వారం రోజులు మోషన్స్. బాబు సిజేరియన్‌ల పుట్టిండు, నాకు పాలు సరిగ్గ రాక నాలుగో నెలసంది డబ్బా పాలే. మా అత్తమ్మ ఏమో "పొద్దాక చేతులు కడిగి కడిగి పోరన్ని ఖరాబు చేసినవ్, మట్టిల ఆడనియ్" అంటది. మా ఆయన ఇమ్యూనిటీ బూస్టర్ పొడి, ప్రోబయాటిక్ సాచెట్లు ఆన్‌లైన్‌ల తెప్పించిండు, ప్రతి గదిల సానిటైజర్ పెట్టిండు. నా సిజేరియన్ వల్లనే బాబుకి ఇమ్యూనిటీ తక్కువైందా? పెరుగు పెడితే సర్ది ఎక్కువైతదా? ఎవరి మాట వినాలె?

సమాధానం:

అమ్మా, ముందే చెప్పేస్తున్నా, నేను పిల్లల డాక్టర్ని కాదు, కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పుకునేదాన్ని, కాబట్టి బాబుకి ఏ మందు ఎంత డోసు అనేది నన్ను అడగొద్దు, అది మీ డాక్టర్ పని. కానీ మీ ఇంట్లో నడుస్తున్న గొడవ మాత్రం అచ్చంగా నా సబ్జెక్టే. అత్తమ్మగారు సగం కరెక్టు, మీ ఆయన సగం కరెక్టు, తేడా అంతా మిగతా సగాల్లోనే ఉంది.

ముందు సర్ది లెక్క చూద్దాం. ఈ వయసు పిల్లలకి ఏడాదిలో 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే, ప్లేస్కూల్లో కొత్తగా వేసిన ఏడాదైతే ఇంకొంచెం ఎక్కువే. జలుబు తెచ్చే వైరస్‌లు 200 పైనే ఉన్నాయండీ, ఒక్క రైనోవైరస్‌లోనే 160 రకాల దాకా ఉన్నాయి, ఒక రకం వచ్చి పోయాక తయారైన యాంటీబాడీ ఇంకో రకం మీద సరిగ్గా పనిచేయదు, అందుకే మీకూ నాకూ కూడా ఇంత వయసొచ్చినా జలుబు చేస్తూనే ఉంటుంది, కాకపోతే మనం చాలా రకాలు ఇప్పటికే చూసేశాం కాబట్టి తక్కువసార్లు. బాబు ఇంతకాలం ఇంట్లో నలుగురి మధ్య పెరిగాడు, ఒక్కసారిగా ఇరవై ముప్పై మంది పిల్లల మధ్యకి వెళ్ళాడు. ఒక్కో జలుబు వారం పది రోజులుంటుంది, దగ్గు రెండు వారాల దాకా సాగుతుంది, అది తగ్గేలోపే ఇంకోటి, దాంతో ఇంట్లోవాళ్లకి పిల్లాడు ఎప్పుడూ జబ్బుగానే ఉన్నాడనిపిస్తుంది. ఎనిమిది నెలల్లో ఎనిమిదిసార్లు అంటే వినడానికి భయంగానే ఉంటుంది, కానీ ప్రతిసారీ తనంతట తనే తగ్గి, మధ్యలో బాబు బాగా ఆడుకుంటూ బరువు పెరుగుతూ ఉంటే ఇమ్యూనిటీ తన పని తాను చేస్తోందనే అర్థం.

ఇక ఇమ్యూనిటీ అనగానే మనందరి బుర్రలో ఉన్నది బలం అనే లెక్క. ఎక్కువుంటే మంచిది, తక్కువుంటే చెడ్డది, పొడి కలిపి తాగితే పెరుగుతుంది, టీవీ యాడ్‌లు కూడా అదే చెప్తాయి. అసలు సంగతి అది కాదు. ఇంటి కుక్క ఎలా ఉండాలి చెప్పండి, పాలవాణ్ణి, పేపరు అబ్బాయిని, పక్కింటి పిల్లల్ని చూసి ఊరుకోవాలి, అర్ధరాత్రి గోడ దూకేవాణ్ణి చూస్తే మాత్రం వదలకూడదు. కనపడ్డ ప్రతివాణ్ణీ కరిచే కుక్కని ఎవరూ బలమైన కుక్క అని మెచ్చుకోరు. ఆస్తమా, ఎగ్జిమా, తిండి ఎలర్జీలు, చిన్నపిల్లలకి వచ్చే టైప్ 1 షుగరు, పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బు, ఇవన్నీ ఇమ్యూనిటీ తక్కువై వచ్చేవి కావు, కరవకూడని చోట కరవడం వల్ల వచ్చేవి.

ఊరుకోవడం అనేది ఎంత పెద్ద పనో తెలియాలంటే ఒక అరుదైన జబ్బు గురించి చెప్పాలి. ఫాక్స్‌పీ3 అనే ఒక్క జీన్ పాడైతే మగపిల్లలకి పుట్టిన కొద్ది నెలల్లోనే ఆగని విరేచనాలు, ఎగ్జిమా, షుగరు అన్నీ కలిపి వస్తాయి, దాన్ని ఐపెక్స్ అంటారు. వాళ్లలో లోపించింది దాడి చేసే కణాలు కాదు, దాడిని ఆపే కణాలు, వాటి పేరు రెగ్యులేటరీ టీ కణాలు (టీ కణాలంటే ఒక రకం తెల్లరక్తకణాలు), టీ-రెగ్ అని ముద్దుగా పిలుస్తారు. జపాన్‌లో షిమోన్ సకాగుచి 1995లో ఈ కణాలున్నాయని చూపిస్తే చాలామంది నమ్మలేదు, 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ జీన్‌ని పట్టుకున్నారు, ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. ఈ టీ-రెగ్‌లలో కొన్ని మన ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలోనే తయారై వస్తాయి, ఇంకొన్ని మాత్రం పేగు దగ్గరే, అక్కడున్న సూక్ష్మజీవులు పంపే సంకేతాలతో తయారవుతాయి. మీ అత్తమ్మగారి మాటలో నిజం దొరికేది ఇక్కడే.

ఒక పెద్దమనిషి ఒంట్లో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు ఉంటే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మొత్తం తూకం వేస్తే ఓ 200 గ్రాములు. మన కణాలకంటే పదింతలు ఎక్కువ అని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు, అది పాత లెక్క, 2016లో ఇజ్రాయెల్ వాళ్లు మళ్లీ లెక్కేసి సరిచేశారు. ఆ బాక్టీరియాలో ఎక్కువ శాతం పెద్దపేగులోనే ఉంటాయి, వాటికీ మన ఒంటికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క వరుస కణాలు, దాని మీద జిగురులాంటి మ్యూకస్ పొర. అంతే. అంత పల్చటి గోడ అవతల అన్ని కోట్ల జీవులు జీవితాంతం ఉన్నా మనకి రోజూ జ్వరం రావట్లేదంటే ఇమ్యూన్ సిస్టమ్ అక్కడ ఎంత ఒద్దికగా ఉంటోందో చూడండి. మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే కణాల్లో ఎక్కువ భాగం కాపలా ఉన్నది కూడా ఆ పేగు గోడ పక్కనే.

అక్కడ జరిగే పని ఏంటంటే, చిన్నపేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అని చిన్న చిన్న ముద్దల్లా ఉంటాయి, వాటి పైనున్న ఎమ్ కణాలు పేగులోంచి కొంచెం సరుకు, బాక్టీరియాతో సహా, లోపలికి తీసుకుంటాయి, డెండ్రిటిక్ కణాలు దాన్ని పరిశీలించి టీ కణాలకి చూపిస్తాయి, అక్కడ నిర్ణయం జరుగుతుంది, దీన్ని కొట్టాలా వదిలేయాలా అని. మామూలుగా ఉండే బాక్టీరియా అయితే ఐజీఏ అనే యాంటీబాడీ తయారవుతుంది, అది చంపడం కంటే ఎక్కువగా వాటికి అంటుకుని గోడ దాకా రాకుండా అవతలే ఉంచుతుంది, ఇలాంటిది మన పేగు రోజుకి కొన్ని గ్రాముల చొప్పున తయారుచేస్తుంది. చిన్నపేగు గోడలో ఉండే సన్నటి గుంతల అడుగున ప్యానెత్ కణాలని ఉంటాయి, అవి బాక్టీరియాని చంపే ప్రొటీన్లు వదులుతాయి. ఇదంతా జ్వరం లేకుండా, వాపు లేకుండా, మనకి తెలియకుండా, రోజూ జరిగేదే.

బాక్టీరియా లేకపోతే ఈ ఏర్పాటు ఎలా ఉండేదో చూడ్డానికి ల్యాబుల్లో అసలు ఏ సూక్ష్మజీవీ తగలకుండా ఎలుకల్ని పెంచుతారు. చూడ్డానికి బాగానే ఉంటాయి కానీ వాటి పేయర్స్ ప్యాచెస్ చిన్నగా ఉండిపోతాయి, ఐజీఏ చాలా తక్కువ, రోగక్రిమి వస్తే తట్టుకోలేవు, అదే సమయంలో ఎలర్జీలాంటి రియాక్షన్లు మాత్రం ఎక్కువ. మామూలు బాక్టీరియాని తర్వాత ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటాయి, కానీ కొన్ని విషయాలు పిల్లదశలో ఎక్కిస్తేనే సర్దుకుంటాయి, పెద్దయ్యాక ఎక్కించినా మారవు. 2011లో జపాన్‌లో కెన్యా హోండా వాళ్ల టీమ్ క్లోస్ట్రీడియా జాతికి చెందిన కొన్ని పేగు బాక్టీరియాల్ని ఇలాంటి ఎలుకలకి ఇస్తే పెద్దపేగులో టీ-రెగ్‌లు బాగా పెరిగాయి. రెండేళ్లకి దాని గుట్టు కూడా కొంత తెలిసింది, మనం అరిగించుకోలేని పీచుని ఈ బాక్టీరియా తిని బ్యూటిరేట్ అనే పదార్థం వదులుతాయి, పెద్దపేగు కణాలకి ముఖ్యమైన ఆహారం అదే, టీ-రెగ్‌లు తయారవడానికి సాయం చేసేదీ అదే. పీచు అందకపోతే కొన్ని బాక్టీరియా ఊరుకోవు, మ్యూకస్ పొరనే తినడం మొదలుపెడతాయి, ఇది కూడా ఎలుకల్లో 2016లో చూపించారు. అంటే బాబు ప్లేటులో ఆకుకూర ఉందా లేదా అనేది కూడా ఇమ్యూనిటీ విషయమే.

సిజేరియన్ సంగతి. మీరు ఒక్కరే కాదమ్మా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అప్పట్లో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశం మొత్తంలో అదే ఎక్కువ, ఆంధ్రాలో 42.4 శాతం. మామూలు కాన్పులో బిడ్డకి ముందుగా అందేవి తల్లి పేగుల్లోని, జనన మార్గంలోని బాక్టీరియా, సిజేరియన్‌లో ఎక్కువగా చర్మం మీదవీ ఆస్పత్రి వాతావరణంలోవీ, అందుకే మొదటి నెలల్లో ఆ పిల్లల పేగుల్లో బాక్టీరాయిడిస్ లాంటి మామూలు పేగు బాక్టీరియా తక్కువగా ఉంటాయి. ఆస్తమా లాంటివి ఈ పిల్లల్లో కొంచెం ఎక్కువ కనపడుతున్నాయని పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నాయి, నిజమే, కానీ తేడా చిన్నది, అది సిజేరియన్ వల్లా, దాంతోపాటు ఇచ్చే యాంటీబయాటిక్ వల్లా, అసలు సిజేరియన్‌కి దారితీసిన కారణం వల్లా అనేది విడదీయడం కష్టం. ఏడాది వచ్చేసరికి ఆ పేగు బాక్టీరియా తేడా చాలావరకు చెరిగిపోతుంది, మూడేళ్లకి పిల్లల పేగు బాక్టీరియా దాదాపు పెద్దవాళ్లవాటిలాగే తయారవుతాయి. మీ బాబు ఆ మూడేళ్లు దాటేశాడు. ప్లేస్కూల్ సర్దికి మీ పొట్ట మీద కుట్లకి లంకె పెట్టకండి, ఎవరైనా పెడితే ఊరుకోకండి.

డబ్బా పాల విషయం కూడా అంతే, మొదటి మూడు నెలలు పట్టారు కదా, అది తక్కువేం కాదు. ముర్రుపాల నిండా ఐజీఏ ఉంటుంది, తర్వాత వచ్చే పాలల్లో ఒలిగోశాకరైడ్‌లు అనే చక్కెరలుంటాయి, విచిత్రం ఏంటంటే బిడ్డ వాటిని అరిగించుకోలేదు, బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే పేగు బాక్టీరియా కోసమే ఆ పాలల్లో అవి ఉన్నట్టుంటుంది వ్యవహారం. ఇంకో బిడ్డ పుడితే మొదటి గంటలోనే పాలు పట్టించమని గట్టిగా అడగండి, సిజేరియన్ అయినా పట్టొచ్చు. జరిగిపోయినదాని గురించి ఇంత చాలు.

మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది పాత చీటీ. జలుబుకి కారణం వైరస్, యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు, ఆ సిరప్ లోపలికి వెళ్ళి చేసేదల్లా పేగులో ఉన్నవాటిని చంపడమే, అందుకే వారం రోజులు మోషన్స్ అయ్యాయి. డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్లకి నాలుగు రోజులు గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూస్తే పేగు బాక్టీరియా నెలన్నరలో చాలావరకు తిరిగొచ్చాయి, కానీ ముందు అందరిలో ఉన్న 9 రకాలు ఆరు నెలలకి కూడా చాలామందిలో కనపడలేదు. అవి మీ సిరప్ కంటే చాలా గట్టి మందులు, వాళ్లు పెద్దవాళ్లు, కాబట్టి ఆ లెక్క బాబుకి అలాగే వర్తించదు, కానీ ఎనిమిది నెలల్లో నాలుగుసార్లంటే పేగు కోలుకునేలోపే మళ్లీ దెబ్బ కొట్టినట్టే. పైగా చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు, పాత చీటీ మీద డోసు అప్పటి బరువుకి రాసింది. న్యుమోనియా, యూరిన్ ఇన్ఫెక్షన్, చీముపట్టిన చెవి, ఇలాంటివాటికి డాక్టర్ చూసి రాస్తే మాత్రం భయపడకుండా ఇవ్వండి, చెప్పినన్ని రోజులు ఇవ్వండి, అక్కడ పేగు బాక్టీరియా గురించి ఆలోచించి మానేస్తే పిల్లాడికి ప్రమాదం. మొన్న డాక్టర్ రాసిన రెండూ అవసరమో కాదో నేను చెప్పలేను, ఈసారి మాత్రం "సార్, ఇది వైరల్ అయితే యాంటీబయాటిక్ లేకుండా రెండు రోజులు చూద్దామా" అని అడగండి, చాలామంది డాక్టర్లు తల్లిదండ్రులు ఊరుకోరేమోనని రాసేస్తుంటారు, మీరే అడిగితే వాళ్లకీ హాయి.

ప్రోబయాటిక్ అంటే మేలు చేస్తాయని ఇచ్చే బతికున్న సూక్ష్మజీవులు, ఆ సాచెట్ల దగ్గర మీ ఆయన పూర్తిగా తప్పు కాదు. మన పక్కనే ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా అప్పుడే పుట్టిన బిడ్డలకి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక రకాన్ని, దానికి కావాల్సిన చక్కెరతో కలిపి, ఏడు రోజులు ఇచ్చి చూశారు, 2017లో ఫలితాలు వచ్చాయి, రక్తానికి పాకే ఇన్ఫెక్షన్ గానీ చావు గానీ 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఖరీదు చాలా తక్కువ, ఫలితం అంత పెద్దది. కానీ అది ఒక ప్రత్యేకమైన రకం, పుట్టిన మొదటి వారంలో ఇచ్చింది, అది చూపించి మూడేళ్ల పిల్లాడికి ఏదో ఒక సాచెట్ అమ్మితే కుదరదు. యాంటీబయాటిక్ వాడేటప్పుడు వచ్చే మోషన్స్ తగ్గడానికి శాకరోమైసిస్ బులార్డీ, లాక్టోబాసిల్లస్ జీజీ అనే రెండు రకాలు పిల్లల్లో పనికొస్తాయని బాగానే రుజువుంది, మొదటిది ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్‌కి చావదు కూడా. ఇంకోవైపు 2018లో ఇజ్రాయెల్‌లో యాంటీబయాటిక్ వాడిన పెద్దవాళ్లకి 11 రకాలు కలిపిన ప్రోబయాటిక్ ఇస్తే, వాళ్ల సొంత బాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది, ఏమీ ఇవ్వనివాళ్లకే త్వరగా వచ్చాయి. కాబట్టి డాక్టర్ ఫలానా రకం అని పేరు చెప్పి ఇన్ని రోజులు అని రాస్తే వాడండి, ఇమ్యూనిటీ కోసం రోజూ ఒకటి అని మాత్రం వద్దు. ఇక బూస్టర్ పొడి సంగతి చెప్పాలంటే, చాలావాటిలో ఉండేది చక్కెర, కోకో, కొన్ని విటమిన్లు, డబ్బా వెనక రాసింది ఒకసారి మీ ఆయనతో చదివించండి. మనం కొని ఇచ్చేవాటిలో నిజంగా ఇమ్యూనిటీకి కొత్త విషయం నేర్పేది టీకానే, మీజిల్స్ టీకా అయితే ఇంకా ముఖ్యం, ఎందుకంటే మీజిల్స్ వచ్చిందంటే అప్పటిదాకా ఒళ్లు గుర్తుపెట్టుకున్న వేరే జబ్బుల యాంటీబాడీల్లో కూడా చాలావాటిని తుడిచేస్తుంది. బాబు టీకా కార్డు తీసి ఏమైనా మిగిలాయేమో చూడండి, ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

ఇప్పుడు మట్టి. ఇంగ్లండ్‌లో డేవిడ్ స్ట్రాచన్ అనే ఆయన 1989లో ఒక చిన్న పేపర్ రాశారు, అన్నలూ అక్కలూ ఎక్కువున్న పిల్లలకి పుప్పొడి ఎలర్జీ తక్కువుంటోందని, చిన్నప్పుడు ఒకరి నుంచి ఒకరికి ఇన్ఫెక్షన్లు అంటుకోవడం వల్లేమోనని. అక్కణ్నుంచి శుభ్రత ఎక్కువైతే ఎలర్జీ వస్తుంది అనే మాట ప్రపంచమంతా పాకింది, మీ అత్తమ్మగారి దాకా వచ్చింది, లేదా ఆవిడే ముందు చెప్పి ఉంటారు. తర్వాత చేసిన పనిలో తేలింది ఏంటంటే కావాల్సింది రోగాలు కాదు, మట్టి, పశువులు, మొక్కలు, ఇంట్లో మనుషులు, వీటి మీదుండే మామూలు సూక్ష్మజీవులతో స్నేహం. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలున్నాయి, మూలాలు దగ్గరదగ్గరవే, తిండీ జీవనం కూడా దగ్గరే, కాకపోతే ఆమిష్ వాళ్లు ఇంటి పక్కనే పశువుల కొట్టాలు పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు, హట్టరైట్ వాళ్లది మెషీన్లతో నడిచే పెద్ద ఫార్మ్, పిల్లలు పశువుల దగ్గరికి పెద్దగా వెళ్లరు. 2016లో చూస్తే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 5 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ము తెచ్చి ఎలుకల ముక్కులో వేస్తే వాటికి ఆస్తమా రాకుండా ఆగింది, కానీ బాక్టీరియాని పసిగట్టే మార్గాలు పనిచేయని ఎలుకల్లో ఆ దుమ్ముకి ఆ ఫలితం లేదు. అంటే దుమ్ములోని సూక్ష్మజీవుల్ని ఇమ్యూన్ సిస్టమ్ గుర్తించడమే అక్కడ మందు. ఫిన్లండ్‌లో ఇంకా సింపుల్‌గా చేశారు, కంకర ఉన్న డేకేర్ సెంటర్ల ఆవరణల్లో అడవి నేల ముక్కలు తెచ్చి పరిచారు, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు రోజూ అందులో ఆడుకున్నారు, 28 రోజులకే వాళ్ల చర్మం మీద బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో టీ-రెగ్ వైపు సూచనలు మెరుగయ్యాయి.

అయితే ఆమిష్ కొట్టం వేరు, మన వీధి చివర మోరీ వేరు. మలం కలిసిన నీళ్లూ మట్టీ అదేపనిగా నోట్లోకి పోతే పేగు నేర్చుకోదు, అరిగిపోతుంది. లోపల వేళ్లలా ఉండే విల్లై పొట్టిగా అయిపోతాయి, ఎప్పుడూ సన్నటి వాపు ఉంటుంది, తిన్నది ఒంటికి పట్టదు, పిల్లలు పొడుగు పెరగరు. దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉందనొచ్చు, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ వాళ్ల రోటావాక్ టీకా మన దేశపు పిల్లల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల్ని మొదటి ఏడాది 56 శాతం దాకా ఆపింది, డబ్బున్న దేశాల్లో వేరే రోటా టీకాలు 85 శాతం పైనే ఆపాయి, ఆ వేరే టీకాలే మనలాంటి దేశాలకొచ్చేసరికి అవీ తగ్గిపోయాయి, నోట్లో వేసే టీకాల్లో చాలావాటికి ఇదే గొడవ. ఎప్పుడూ ఏదో ఒకదానితో తలపడుతూ ఉండే పేగు టీకా చెప్పేది సరిగ్గా వినట్లేదేమో అనేది ఒక బలమైన అనుమానం. 56 శాతం కూడా వేలమంది పిల్లల్ని కాపాడుతుంది లెండి, టీకాని తక్కువ చేయడానికి చెప్పట్లేదు, మురికి మంచిది అనేవాళ్లకి చెప్తున్నా. నులిపురుగులు ఇంకో తంటా, ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలో, బడిలో వేసే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి.

అందుకని నా తీర్పు ఇది. పొలం, పెరడు, చెట్ల కింద మట్టి, ఆవులు గేదెలు, ఇంటి కుక్క, వీటితో బాబుని ఆడనివ్వండి, బట్టలు మాసిపోనివ్వండి, ఆడుతున్నంతసేపు వెనకాలే తుడుస్తూ తిరగొద్దు. మోరీ పక్కన, చెత్త పోసేచోట, బహిరంగంగా మలవిసర్జన చేసేచోట మాత్రం వద్దు, చెప్పులు వేయండి. దొడ్డికి వెళ్ళొచ్చాక, అన్నం ముందు, ప్లేస్కూల్ నుంచి రాగానే మామూలు సబ్బుతో చేతులు కడగండి, ఇది తగ్గించొద్దు, అత్తమ్మగారు ఏమన్నా సరే. గది గదికీ సానిటైజర్ అక్కర్లేదు, ప్రయాణంలో నీళ్లు దొరకనప్పుడు వాడుకోవడానికి ఒకటి సంచీలో ఉంటే చాలు, ఇంట్లో పడున్నవి చిన్నపిల్లలు తాగేస్తే అదో ప్రమాదం.

తిండి విషయంలో మీ ఊరి తిండే బంగారం, పప్పులో తోటకూర, చిక్కుడుకాయ, బెండకాయ, జొన్నరొట్టె, మక్క గట్క, రాగి అంబలి, జామపండు, అరటిపండు. ఒకేసారి ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుంది, మెల్లమెల్లగా పెంచండి, ఒకే కూర రోజూ కాకుండా మారుస్తూ పెట్టండి, రకరకాల పీచు పడితేనే రకరకాల బాక్టీరియా నిలుస్తాయి. పులిసినవాటి గురించి కూడా ఒక మంచి పరిశీలన ఉంది, 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది పెద్దవాళ్లని రెండు భాగాలు చేసి ఒకళ్లకి పీచు, ఇంకొకళ్లకి పెరుగు లాంటి పులిసిన పదార్థాలు పది వారాలు పెంచి పెట్టారు, పులిసినవి తిన్నవాళ్లలో బాక్టీరియా రకాలు పెరిగాయి, వాపుకి సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. చిన్న స్టడీనే, కానీ పెరుగన్నం తినడానికి మనకి స్టాన్‌ఫర్డ్ పర్మిషన్ ఎందుకు. ఇడ్లీ పిండిలో కూడా బోలెడు బాక్టీరియా ఉంటాయి కానీ ఆవిరికి చచ్చిపోతాయి, తేలిగ్గా అరుగుతుంది కాబట్టి పెట్టండి, ప్రోబయాటిక్ అని మాత్రం అనుకోకండి. సద్దన్నం పెద్దవాళ్లు తింటే తినండి, బాబుకైతే ఎండాకాలంలో రాత్రంతా బయట ఉన్న అన్నం వద్దు, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి వాంతులు చేయిస్తుంది, వేడి చేసినా దాని విషం పోదు.

పెరుగు వల్ల జలుబు రాదు, ఉన్నది ఎక్కువా కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిది గొంతు నొప్పిగా ఉన్నప్పుడు మింగలేడు, దగ్గొస్తుంది, అంతవరకే. తోడేసిన తాజా పెరుగు మామూలు వేడిలో పెట్టండి, జ్వరంలో కూడా తింటానంటే పెట్టండి.

ఇంత చెప్పాక కూడా నిజంగానే ఇమ్యూనిటీ లోపం ఉన్న పిల్లలుంటారు, వాళ్లని జలుబే కదా అని వదిలేయకూడదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా రావడం, నాలుగు అంతకంటే ఎక్కువసార్లు చెవికి ఇన్ఫెక్షన్, ఆస్పత్రిలో చేర్చి నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తే తప్ప తగ్గకపోవడం, లోపలి అవయవాల్లో చీముగడ్డలు, ఏడాది దాటాక కూడా నోట్లో తెల్లటి పూత పోకపోవడం, బరువు పెరగకపోవడం, వీటిలో ఏదున్నా పిల్లల డాక్టర్‌కి స్పష్టంగా చెప్పండి. మీది మేనరికమైనా, రెండువైపులా ఎవరింట్లోనైనా పసిపిల్లలు ఇన్ఫెక్షన్‌తో చనిపోయినా అది కూడా చెప్పండి, ఈ లోపాల్లో చాలావి దగ్గర సంబంధాల్లో ఎక్కువ బయటపడతాయి. దగ్గు రెండు వారాలు దాటి తగ్గకపోయినా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా దాని పరీక్ష వేరే. రాత్రిపూట పిల్లికూతలుంటే ఆస్తమా, నోరు తెరిచి గురకపెడితే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాపు కావచ్చు, ఇవి ఇమ్యూనిటీ ఖాతాలో పడిపోయి ఏళ్లు గడిచిపోతుంటాయి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఏ తేదీన జ్వరం మొదలైంది, ఎన్ని రోజులుంది, ఏ సిరప్ ఎన్ని రోజులు పట్టారు, షాపులో తెచ్చినవి కూడా దాచకుండా రాసుకుని, టీకా కార్డు, పుట్టినప్పటినుంచి ఉన్న బరువులు పట్టుకెళ్లండి. పైన చెప్పినవేవీ లేకుండా బరువు సరిగ్గా పెరుగుతుంటే ఆన్‌లైన్‌లో అమ్మే ఇమ్యూనిటీ ప్యాకేజీ టెస్టులు చేయించాల్సిన పనిలేదు, రక్తహీనత ఉందేమోనని డాక్టర్ సీబీసీ అనే రక్తపరీక్ష రాస్తే అది చేయించండి.